చ్యార్సా కనుమ కపాలం

పట్టపగలు పన్నెండు గంటలు...!

నడినెత్తిన మండవలసిన సూర్యుణ్ణి చ్యార్సా కనుమ మీద పేరుకున్న కాలమేఘాలు గుటుక్కున మింగేశాయి. మార్గశిర అమావాస్య. రెండు రోజులుగా విడవకుండా కురుస్తున్న తొలిచలికాలపు మంచు కింద ధింసా ఊరి ఇళ్ళు వరసగా కట్టిన సమాధుల్లా ఉన్నాయి. మంచు పడేటప్పుడు ఆకాశం ఉరమదని ఆ కొండవాళ్ళ నమ్మకం. కానీ ఆ మధ్యాహ్నం ఉరిమింది... ఒకసారి కాదు, ఏడుసార్లు! మోడువారిన దేవదారు మీద గుడ్లగూబ ఒకటి వేళగాని వేళ గొంతు చించుకుని కూసింది.

ఏడో ఉరుము ఇంకా కొండల్లో దొర్లుతుండగానే టీ హోటలు వంటింట్లోంచి కేక వినిపించింది.

ఆడదాని కేకలా మొదలై... మగవాడి మూలుగులా ముగిసిన కేక!

యాంగ్జీ చేతిలోని టీ గ్లాసును వదిలేసి లోపలికి పరుగెత్తింది. నలభైమూడేళ్ళ మనిషి. పన్నెండేళ్ళుగా యాత్రికులను ఆ కనుమ దాటిస్తున్న దారిచూపరి. ఆ హోటలు ఆమె చెల్లెలు ఫూల్‌మాయది, మరిది గ్యాల్బుది.

ఫూల్‌మాయ పొయ్యి ముందు నడుము విరిగినట్టు ముందుకు వంగి ఉంది. రెండు చేతులూ నుదుటికి చెరోవైపు ఎత్తి, కంటికి కనబడని పట్టీ ఏదో బిగించి పట్టుకున్నట్టు ఉంది. కళ్ళలో నల్లగుడ్లు లేవు... తెల్లని పొరలు మాత్రమే! విప్పారిన పెదవుల మధ్యనుంచి పొగలా తెల్లని ఆవిరి... మండుతున్న పొయ్యి పక్కన!

"బరువు... తల్లీ, బరువు..." అంది. ఆ గొంతు ఫూల్‌మాయది కాదు. కఫం పట్టిన మగగొంతు. "దించుకుంటానంటే ఒప్పుకోవడంలేదు... పైకి రమ్మంటున్నాడు..."

ఆ గొంతు యాంగ్జీకి తెలుసు! పదకొండేళ్ళ కిందట ఆ కనుమలోనే, ఇలాంటి మంచులోనే ఆగిపోయిన గొంతు అది.

గ్యాల్బు పెళ్ళాం నడుము పట్టుకున్నాడు. మరుక్షణం గోడకు కొట్టుకుని గిన్నెల మధ్య పడ్డాడు.

"వదినా! ఇది నా పెళ్ళాం కాదు! ముట్టుకుంటే ఒళ్ళు ఐసుగడ్డ!"

ఫూల్‌మాయ అలా వంగే ఒక్కో అడుగూ వేసుకుంటూ గుమ్మం దాటింది. చెప్పులు లేని పాదాలతో మంచులోకి దిగింది. కనుమ వైపు తిరిగింది. పొగమంచు ఆమెను మింగేసింది...

ఇది ఎవరి పని అని యాంగ్జీ ఎవరినీ అడగలేదు. అడగవలసిన అవసరమూ లేదు.

నరధోజ్! ఝాంక్రి నరధోజ్! ఝాంక్రినని, భూతవైద్యుణ్ణని చెప్పుకుంటూ కింది లోయలో కోడిపుంజుల గొంతులు కోసి, బాలింతలను బెదిరించి, శ్మశానాల్లో ఎముకలు ఏరుకుని బతికే నీచుడు. ఒంటినిండా నెమలి ఈకలు కట్టుకుని తానే నెమలినని నమ్మిన కాకి. ఎనిమిది రోజుల కిందట ఈ హోటలు బల్ల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుని, కనుమ దాటడానికి వచ్చిన యాత్రికులకు తాయెత్తులు పంచాడు.

"పౌర్ణమి దాకా కనుమ మీద మంచు పడదు. నేను కట్టేశాను. ఇది కట్టుకుంటే మీ బూటు కూడా తడవదు!"

యాత్రికులు చేతులు చాపారు. మూల కూర్చుని బూట్లకు ఇనుపముళ్ళు బిగించుకుంటున్న యాంగ్జీకి నవ్వాగలేదు.

"ఏమయ్యా ఝాంక్రీ, పైన మంచు ఎన్ని పొరలుందో చెప్పు చూద్దాం."

"మంచుకి పొరలేమిటే? అదేమన్నా ఉల్లిపాయా?"

"అదీ సంగతి! ఉల్లిపాయ తప్ప నీకింకేం తెలుసులే." ఆమె యాత్రికుల వైపు తిరిగింది. "బాబూ, వినండి. అడుగున నేల ఇంకా బిగుసుకోలేదు. దానిమీద కిందటి వారం పడ్డ మంచు పంచదారలాగా పొడిపొడిగా ఉంది. దాని మీద గాలి పలక పేర్చింది. చూడ్డానికి సిమెంటు గచ్చు. అడుగేస్తే పలక పలకంతా జారుతుంది. మాఘమాసం వచ్చేసరికి మంచు గట్టిపడి మనిషిని మోస్తుంది. ఇప్పుడు మోసం చేస్తుంది. ఇంటికెళ్ళండి, ఫాల్గుణంలో రండి."

అంతటితో ఊరుకోలేదు. బల్ల మీదున్న తాయెత్తొకటి తీసి హోటలు కుక్క మెడకు కట్టింది. అది వెంటనే బయటికెళ్ళి గుమ్మం పక్కన కాలెత్తింది.

"చూశారా, కుక్కక్కూడా మంత్రం పట్టింది! బూటు తడవలేదు, గోడ మాత్రం తడిసింది!"

హోటలంతా గొల్లుమంది. ఫూల్‌మాయ అయితే వంటింట్లో నేలమీద కూలబడి నవ్వింది. నరధోజ్ ముఖం మాడిపోయింది. లేచి, తన సంచి భుజాన వేసుకుని, గుమ్మంలో ఆగి అన్నాడు: "నవ్వండి... ఈ ఇంటి నవ్వు ఈ అమావాస్యకి పూడ్చేస్తాను!"

మర్నాడు ఉదయం కుక్క నాలుగు కాళ్ళ మీద నిలబడ్డట్టే గడ్డకట్టి చచ్చి ఉంది. కిటికీలో పెట్టిన ఫూల్‌మాయ దువ్వెన, దాన్ని చుట్టుకున్న వెంట్రుకలతో సహా మాయమైంది...

యాంగ్జీ తాడు భుజాన వేసుకుంది. మంచు కర్ర అందుకుంది.

"వదినా..." గ్యాల్బు పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "దెయ్యాలతో మనకెందుకు? కిందికెళ్ళి లామాగార్ని పిలుచుకొద్దాం."

"లామాగారు జపమాల వెతుక్కుని వచ్చేలోగా నీ పెళ్ళానికి పాదాలుండవు. బూట్లేసుకో. లేదంటే ఆ పొయ్యిలో దూరి కూర్చో, నేనేం అననులే."

ఆ మాట మంచుకన్నా చల్లగా తగిలింది. గ్యాల్బు బూట్లు వేసుకున్నాడు.

ఇద్దరూ బయల్దేరారు. ఊరి పైన రాతిమెట్ల మీద ఊటనీరు పేరుకుని గాజుపూత పూసినట్టు మెరుస్తోంది. ఇనుపముళ్ళు కూడా జారే చోటు. యాంగ్జీ మెట్లను వదిలేసి పక్కనున్న గడ్డిగుబుర్ల మీద అడుగులు వేయించింది. ఆ పైన జంటవాగు... సగం గడ్డకట్టి, ఆ గడ్డ కింద నీళ్ళు గుసగుసలాడుతున్నాయి. అవి నీళ్ళేనా...? 'ఆగిపో... యాంగ్జీ... ఆగిపో...' అన్నట్టు వినిపించింది. ఆమె ఉమ్మేసి దాటింది.

వాగు దాటాక ఫూల్‌మాయ అడుగుజాడలు స్పష్టంగా కనిపించాయి. గ్యాల్బు వంగి వాటి లోతు చూశాడు. బూట్లతో యాంగ్జీ అడుగు చీలమండ వరకే దిగుతోంది. వట్టికాళ్ళతో నడిచిన, పిట్టంత మనిషి ఫూల్‌మాయ అడుగులు మోకాలి లోతున దిగి ఉన్నాయి!

"ఇంత లోతేంటి వదినా? అది నలభై ఐదు కిలోలైనా ఉండదు!"

"దాని వీపు మీద ఇంకేదో ఉంది," అంది యాంగ్జీ.

అప్పుడు చెప్పింది. ఇంతవరకు ఎవరికీ చెప్పనిది. పదకొండేళ్ళ కిందట ఇదే నెలలో ఒక బృందం మొండికేసి కనుమ ఎక్కింది. యాంగ్జీ అప్పటికి కొత్త. మోతగాడు సంతబీర్... కింది గుమ్‌చెత్ ఊరివాడు. ముందుపన్నుకు రాగితొడుగు. నుదుటిపట్టీతో ఇద్దరి బరువు ఒక్కడే మోసేవాడు. తుపాను పట్టుకుంది. అతను వెనకబడ్డాడు. 'మూట దించనా అమ్మా?' అని కేకేశాడు. దించమనవలసిన బృందనాయకుడు విననట్టు నడిచాడు. యాంగ్జీ కూడా వెనక్కి తిరగలేదు.

"భయమేసింది మరిదీ. అందరితోపాటు దిగిపోయాను. ఇవాళ నా చెల్లి నోట్లోంచి మాట్లాడింది ఆయనే."

ఉరుము! కొండ మొత్తం కదిలినట్టయింది. పొగమంచు తెర ఒక్కసారి చీలింది...

కనుమకు కిందుగా గిన్నెలాంటి పల్లం. పల్లం మీదికి వాలిపోతూ నిటారైన తెల్లని వాలు. ఆ పల్లం నడిబొడ్డున ఒకచోట మంచు పడడం లేదు! అక్కడ నల్లపిండితో త్రికోణపు ముగ్గు... మధ్యలో పచ్చని మంటలు కక్కుతున్న హోమగుండం... మూడు కొసల్లో మూడు నల్లకోళ్ళ తలలు...! నడుము పైన నూలుపోగు లేకుండా, బూడిద పులుముకుని, రెండు ముఖాల ఢమరువు వాయిస్తూ ఊగిపోతున్నాడు నరధోజ్. అతని ఎదుట రాతి మీద నెత్తురు పూసిన కపాలం. దాని పళ్ళ మధ్య ఇరికించిన దువ్వెన. ఆ కపాలపు ముందుపన్నుకు... రాగితొడుగు!!

రాతి పక్కనే ఫూల్‌మాయ, అలాగే వంగి, నుదుటికి చేతులెత్తి నిలబడి ఉంది. కాళ్ళు నీలంగా మారాయి.

యాంగ్జీ పల్లం అంచున బండకు తాడు చుట్టి కొస గ్యాల్బు చేతిలో పెట్టింది. "నేను లాగమన్నప్పుడు లాగు. అంతే నీ పని." రెండో కొస నడుముకు కట్టుకుని దిగింది.

"రా... రావే!" నరధోజ్ వికటాట్టహాసం చేశాడు. "కుక్కకు తాయెత్తు కట్టినదానా! చూడు, నీ పాత నేస్తం! మంచు కరిగాక వీడి శవాన్ని ముందు చూసింది నేను. తల కోసుకున్నాను. పదకొండేళ్ళుగా వీడు నా కూలి! ఈ వాలు మీద మంచంతా వీడి వీపునే ఉంది. నేను దించమన్న చోట దించుతాడు... ఎవరి నెత్తిన అంటే వాళ్ళ నెత్తిన!"

"చచ్చినవాడి చేత మూటలు మోయించుకుని బతుకుతున్నావా? థూ! కోళ్ళు కోసుకునేప్పుడే నయం, నీకో వృత్తంటూ ఉండేది."

"నీ చెల్లెలి నెత్తురు తాగితే వీడు కనుమ దాటి లోయల్లోకీ నడుస్తాడే! ముందు ధింసా! తర్వాత కింది ఊళ్ళు! ఒక్కో ఊరూ నా కాళ్ళ దగ్గరికి పాక్కుంటూ వస్తుంది! హ్రీం... క్రోం... ఫట్!"

పిడికెడు బూడిద విసిరాడు. యాంగ్జీ మోకాళ్ళ దాకా మంచు పాములా పాకి బిగుసుకుంది. ఎముకల్లోకి చలి సూదులై దిగింది. నాలుక మొద్దుబారుతోంది. నరధోజ్ ఖుక్రీ కత్తి దూసి ఫూల్‌మాయ జుట్టు పట్టుకుని తల వెనక్కి వంచాడు...

యాంగ్జీకి మంత్రాలు రావు. తంత్రాలు రావు. ఆమెకు తెలిసింది ఒక్కటే... ఆ దారి!

శవాన్ని మోసుకుపోతూ మధ్యలో దించి, లేస్తాడేమోనని చెవిలో మూడుసార్లు పిలుస్తారు చూడండి... అది దింపుడు కళ్లం ఆశ. అలాంటి ఆశతోనే ఆమె పిలిచింది.

"సంతబీర్ అన్నా!... సంతబీర్ అన్నా!... సంతబీర్ అన్నా!"

ఫూల్‌మాయ తెల్లకళ్ళు ఆమె వైపు తిరిగాయి.

"ఆ రోజు నువ్వు కేకేస్తే వినబడింది. విననట్టు దిగిపోయాను. నా తప్పే. ఇవాళ నేను ముందు నడుస్తా, నువ్వు నా వెనకాల రా. విను. ఇక్కణ్ణుంచి ఎడమకి పట్టు. కుడివైపు పలక బోలుగా ఉంది, అటు వెళ్ళకు. బండ దగ్గర గాలి ఎక్కువ, తల దించుకో. జంటవాగు మీద గడ్డని నమ్మకు, పై రేవులో మూడు రాళ్ళున్నాయి, నడిమిది ఊగుతుంది..."

నరధోజ్ పడీపడీ నవ్వాడు. "దారి చెబుతున్నావటే! చచ్చినవాడికి దారి చెబుతున్నావా! ఇదా నీ మంత్రం? హహ్హహ్హ!"

"...రాతిమెట్లు గాజులా ఉన్నాయన్నా, వాటి జోలికి పోకు. పక్కన గడ్డి పట్టుకుని దిగు. ధింసాలో ఆగద్దు, పొద్దు పొట్టిగా ఉంది. దేవదారుల్లో మంచు మెత్తన, మడమ దించి నడువు..."

ఫట్! ఢమరువు ఒక ముఖం పగిలింది. నరధోజ్ నవ్వు సగంలో తెగింది. ఫూల్‌మాయ నడుము జానెడు పైకి లేచింది!

"నోరు మూసుకో! నోరు ముయ్యవే!" కత్తి ఎత్తబోయాడు. చెయ్యి కదలలేదు. రాతి మీద కపాలం మెల్లగా, కిర్రుమంటూ... అతని వైపునుంచి మొహం తిప్పుకుంది!

"...వెదురు వంతెన దాటాక మంచు లేదన్నా. బురద కూడా ఆరింది. అక్కణ్ణుంచి ఆవాల చేలు, పూత మీదున్నాయి. గట్టు మీదుగా వెళితే మీ ఇల్లు. వదిన గుమ్మంలోనే ఉంది. ఇల్లొచ్చింది అన్నా... మూట దించు."

ఒక్క క్షణం ఉరుము లేదు. గాలి లేదు. గుడ్లగూబ లేదు...

ఫూల్‌మాయ నిటారుగా నిలబడింది. రెండు చేతులతో నుదుటి మీది కనబడని పట్టీని తీసింది. తలమీదుగా వెనక్కి వదిలింది. ఆమె పెదవుల నుంచి సన్నని ఈల వెలువడింది... రోజంతా మోసిన మోతగాళ్ళు మూట దించేటప్పుడు వేసే ఈల! మరుక్షణం మొదలు నరికిన చెట్టులా కూలిపోయింది. పచ్చని మంట ఉఫ్‌మని ఆరిపోయింది.

యాంగ్జీ కాళ్ళ చుట్టూ బిగిసిన మంచు పొడిపొడిగా రాలింది. ఆమె చెల్లెల్ని చంకలో ఇరికించుకుంది.

అప్పుడు వినిపించింది. కొండ కడుపులోంచి... "ధుమ్‌మ్‌మ్!"

పై వాలు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా సన్నని నల్లగీత పాకింది. పదకొండేళ్ళుగా ఒక చచ్చినవాడి వీపు మీద ఆగిన మంచంతా ఇప్పుడు ఎవరి మీదా ఆగి లేదు!

"మరిదీ! లాగు!!"

గ్యాల్బు లాగాడు. పిరికివాడే... కానీ ఆ వేళ అరచేతుల చర్మం తాడుకు అంటుకుపోయేలా లాగాడు.

వెనక నరధోజ్ కపాలాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపేస్తున్నాడు. "ఎత్తరా కూలోడా! ఎత్తు! నేను నీ యజమానిని! ఆజ్ఞాపిస్తున్నాను, ఎత్తు!!" కపాలంలో ఎవరూ లేరు. అది ఒట్టి ఎముక. వాడికి ఆ సంగతి తెలిసేసరికి గొంతు మారిపోయింది. "యాంగ్జీ! అమ్మా! తల్లీ! తాడు వెయ్యవే! నీ కాళ్ళు పట్టుకుంటా..."

వేద్దామన్నా వేళ లేదు. కొండతల్లి లేచింది!

తాటిచెట్లంత ఎత్తున తెల్లని గోడ, వేయి ఏనుగుల ఘీంకారంతో వాలు దిగింది. గ్యాల్బు ఆ గోడలో ఒక ఆడదాని ముఖం చూశానని ఈనాటికీ ప్రమాణం చేస్తాడు. ఆ ముఖం కోపంగా ఉందా అని అడిగితే లేదంటాడు. ఆ తల్లి నరధోజ్‌ను శపించలేదు. దండించలేదు. అసలు వాడి వైపు చూడనైనా లేదు. ఒంటిమీద వాలిన ఈగకోసం జడలబర్రె తోలు విదిలిస్తుందే... అంతే! మంచును కట్టేశానన్న మహామాంత్రికుడు, ముగ్గుతో, కోళ్ళ తలలతో, మంత్రంలో మిగిలిపోయిన సగం అక్షరంతో సహా నలభై అడుగుల కింద అణగిపోయాడు.

బండ వెనక ముగ్గురూ ఒకరినొకరు కావలించుకుని పడి ఉన్నారు. చాలాసేపటికి ఫూల్‌మాయ కళ్ళు తెరిచింది. నల్లగుడ్లు యథాస్థానంలో ఉన్నాయి.

"అక్కా... నా చెప్పులేవీ?"

యాంగ్జీ తన మేజోళ్ళు తీసి ఆ నీలిపాదాలకు తొడుగుతూ భోరున ఏడ్చింది.

ఫూల్‌మాయ రెండు కాలివేళ్ళు పోయాయి. నవ్వు మాత్రం పోలేదు.

చైత్రంలో పల్లం కరిగింది. కపాలం దొరికింది. యాంగ్జీ దాన్ని పట్టుగుడ్డలో చుట్టి, తన వీపునే మోసుకుని గుమ్‌చెత్ దాకా నడిచింది. సంతబీర్ భార్య పన్ను మీది రాగితొడుగును బొటనవేలితో తుడిచింది. ఆ సాయంత్రమే చితి పేర్చారు.

ఆ తర్వాత నాలుగు రోజులకు నరధోజ్ కూడా బయటపడ్డాడు. కబురు తెలిసి కింది లోయ నుంచి రుద్రాక్షల శిష్యులిద్దరు ధింసా వచ్చారు. గురువుగారి దేహాన్ని దించడానికి మోతగాళ్ళు కావాలన్నారు.

ఊళ్ళో ఆరుగురు మోతగాళ్ళున్నారు. ఒకడికి నడుం పట్టేసింది. ఒకడికి అత్తగారు వచ్చింది. మూడోవాడు, "ఎంతిచ్చినా రాను, ఊరికే అడిగి నోరు నొప్పెట్టుకోకు," అని మొహం మీదే చెప్పాడు. తక్కిన ముగ్గురూ పేకాటలోంచి తలెత్తలేదు.

శిష్యులు చివరికి యాంగ్జీ దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"పోనీ, పైకి దారెలా ఉందో అదైనా చెప్పక్కా."

యాంగ్జీ ఉప్పుటీ గుక్క మింగింది. కనుమ వైపు చూసింది.

"దారికేం, భేషుగ్గా ఉంది. మెట్లు ఆరిపోయాయి. వాగు చీలమండ లోతు. ముసలమ్మలు కూడా ఎక్కి దిగుతున్నారు." గ్లాసు బోర్లించి లేచింది. "మీరే ఎత్తుకోండి బాబూ. మీ గురువేమీ అంత బరువైన మనిషి కాదులే."